గేటు మీద చెయ్యి

బొట్న్,
ఫిబ్రవరి 16

ఒరేయ్ ఐలిఫ్,

అక్క దగ్గర్నుంచి కాగితం మీద ఉత్తరం వచ్చిందని కంగారు పడకు. బతికే ఉన్నాను. నా ఫోను విచారణ వాళ్ల దగ్గర ఉంది, సీలు వేసిన ప్లాస్టిక్ సంచిలో. కొత్తది కొనుక్కోమని నాతోపాటు మంచు బండి నడిపే హాల్‌వార్డ్ రోజూ పోరు పెడుతున్నాడు. కొనను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ కొండ మీద మంచు తోశాను. ఆ ఫోను చేతికొచ్చి మూడేళ్లే అయింది, ఆ మూడేళ్లలోనే నా నెత్తి మీదకు ఇది వచ్చింది. టపా రోజు విడిచి రోజు వస్తోందిగా, నాకది చాలు.

పేపర్లో ఏదేదో రాశారు కాబట్టి జరిగింది నేనే చెప్తాను. తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం రెయిన్‌షార్ కనుమ మీద గాలి లేచింది. రోడ్డు మూసి కాన్వాయ్ పెట్టాం, అంటే కార్లన్నీ మంచు బండి వెనకే వరుసగా రావాలి. తూర్పు గేటు దగ్గర పదకొండు కార్లు ఆగి ఉన్నాయి. గేటు ఎత్తి అన్నిటినీ లోపలికి వదిలాను, లెక్కపెట్టాను, వరుసకు ముందున్న నా మంచు బండిలో కూర్చునే ఫోన్లో నువ్వు చేసిన గేట్ల యాప్‌లో గేటు మూయమని నొక్కాను. పచ్చ టిక్కు వచ్చింది. ఆ తర్వాత దిగి, కార్ల పక్కనే వెనక్కి నడిచి, గ్లవ్ తీసి గేటు కర్ర మీద చెయ్యి వేసి ‘కింద ఉంది!’ అని అరిచాను. నాన్న మనకు నేర్పిన పద్ధతి అదేగా. కంటితో చూస్తే చాలదు, వట్టి చెయ్యి వెయ్యాలి, నోటితో అనాలి, అప్పుడే బండి కదలాలి. పంతొమ్మిది కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చి పడమటి గేటు దగ్గర మళ్లీ లెక్కపెట్టాను. పదకొండు. వెనకాల పన్నెండోది ఒకటి వస్తోందని నాకు కలగంటే తెలియాలి.

ఆ పన్నెండో కారు ఓద్నీది. చర్చిలో ఆర్గన్ వాయించే పిల్ల, నీకు గుర్తుండే ఉంటుంది, బుగ్గ మీద పుట్టుమచ్చ. ఆరు గంటలు మంచు గుట్టలో కూరుకుపోయి ఉంది. లెక్కలో లేని కారును ఎవరూ వెతకరు. తర్వాతి కాన్వాయ్‌లో హాల్‌వార్డ్ బండి ముందు మంచు తోసే రెక్కకు తగలబోయి కనిపించింది. చలికి చచ్చుబడ్డ కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. ఆర్గన్‌ను కాళ్లతో కూడా వాయించాలిరా.

గేటు చూస్తే దించే ఉంది. కాబట్టి ఆ పిల్లే కర్రను చేత్తో పైకెత్తి, దూరి వచ్చి, మళ్లీ దించేసి ఉంటుందని విచారణ వాళ్లు అంటున్నారు. పోలీసు కేసు కూడా అవుతుందట. మార్చి 25న అందరినీ కూర్చోబెట్టి అడుగుతారు. అప్పటిదాకా నేను బండి ఎక్కకూడదు. ఇంట్లో కూర్చుని సాక్సు అల్లుతున్నాను. నాలుగు జతలయ్యాయి, కాళ్లు రెండే.

నీ అక్క,
గున్‌వోర్

*

ట్రోన్‌హైమ్,
ఫిబ్రవరి 21

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఓద్నీ గుర్తుంది. అమ్మ సమాధి దగ్గర పాడింది కదా.

ఇక్కడ మా కంపెనీలో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఆ యాప్ నుంచి నడిచే గేట్లు మొత్తం నలభై మూడున్నాయి, గాలి కొలిచే స్తంభాలూ కెమెరాలూ వేరే. వాటికి ఏ రోగం వచ్చినా, ఏది మొరాయించినా ఇక్కడి నుంచి ఫోన్లోనే చూసి సరిచేసే పని నాది. అందుకే విచారణకు సాంకేతిక రిపోర్టు కూడా నన్నే రాయమన్నారు. ‘మీ అక్క కదా, ఇబ్బంది ఏమైనా ఉందా?’ అని మా బాసు అడిగాడు. లేదన్నాను.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. గేటు మూయమని నొక్కాక బండి కదిలించడానికి ఎంతసేపు పట్టింది? గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డావు? రిపోర్టులో రాయాలి, అంతే.

మోకాలు ఎలా ఉంది? క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నావు.

ఐలిఫ్

*

బొట్న్,
ఫిబ్రవరి 26

ఐలిఫ్,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. నీ యాప్‌ను నేను ఒక్క మాట అన్నానా? మరి నన్నెందుకు నిమిషాలు అడుగుతున్నావు?

ఎంతసేపు నిలబడ్డానంటే నిలబడాల్సినంతసేపు. కర్రకు పట్టిన మంచు అరచేతిలో కరిగింది, చెయ్యి తిమ్మిరెక్కింది, గ్లవ్ మళ్లీ వేసుకోవడానికి పళ్లతో లాగాల్సి వచ్చింది. చివరి కారు ఎర్ర రంగుది, అందులో ముసలాయన నాకు చెయ్యి ఊపాడు. చాలా, ఇంకా కావాలా? మోకాలు బాగానే ఉంది.

నిన్న కొట్టుకు వెళ్లాను. గల్లా దగ్గర మార్గిట్ అందరికీ వినపడేలా అంది, ‘ఆ ఆర్గన్ పిల్లకు మొదట్నుంచీ తొందరెక్కువమ్మా. పెళ్లికి వాయించమంటే పెళ్లికూతురు సగం దారిలో ఉండగానే పాట ముగించేసేది.’ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఓద్నీ వాళ్లమ్మ కూడా అక్కడే ఉందిరా, పాల సీసాల వెనకాల. నన్ను చూసి తల వంచుకుని, ‘మా పిల్ల వల్ల నీకు మాటొచ్చింది గున్‌వోర్, క్షమించు’ అంది.

గున్‌వోర్

*

ట్రోన్‌హైమ్,
మార్చి 4

అక్కా,

నీకు చెప్పాల్సింది ఒకటి మూడు వారాలుగా దాచాను. భుజాలు తడుముకుంటున్నానన్నావు, నిజమే అన్నావు.

యాప్‌లో నువ్వు ‘మూయి’ అని నొక్కగానే పచ్చ టిక్కు వస్తుంది. గేటు మూసుకుంది కాబట్టి కాదు, మూసుకోమన్న మాట నీ ఫోను నుంచి బయటికి వెళ్లింది కాబట్టి. గేటు నుంచి ‘సరే, మూసుకున్నాను’ అని జవాబు వచ్చిందో లేదో ఆ టిక్కు చూడదు. నీకు గాలి లేచిన రోజున సిగ్నల్ ఎలా ఉంటుందో తెలుసు. మాట మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది, లింకు మళ్లీ కలిశాక గేటుకు చేరుతుంది. గేటు అప్పుడు మూసుకుంటుంది.

మొదట నేను అలా చెయ్యలేదు. జవాబు రానంతసేపూ టిక్కు బదులు బూడిద రంగులో ప్రశ్నార్థకం కనిపించేది. గుర్తుందా? మూడేళ్ల కిందట పరీక్షకు మీకే ఇచ్చాం. పరీక్ష కాగితం మీద ఒకరు పెద్ద అక్షరాలతో రాశారు. ‘ఈ బూడిద రంగు సంత రోజుకు పదిహేనుసార్లు వస్తోంది. తీసెయ్యి. గేటు ఎక్కడుందో మాకు తెలుసు. చెయ్యి వేసి చూడకుండా మేం కదలం.’ కింద సంతకం నీది.

తీసేశాను. అక్క చెప్పింది కదా అని, అక్క మెచ్చుకుంటుంది కదా అని తీసేశాను. ఇంకెవరైనా చెబితే పోట్లాడేవాణ్ణి.

విచారణకు వెళ్లిన చిట్టాలో నువ్వు నొక్కిన సమయం, పచ్చ టిక్కు, అంతే ఉన్నాయి. వాళ్ల దృష్టిలో గేటు అప్పుడే మూసుకుంది. అసలు చిట్టా వేరే పేజీలో ఉంటుంది, లోపాలు వెతకడానికి నా కోసం పెట్టుకున్నది. యాప్ అడుగున ఉన్న అంకె మీద ఏడుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇది బయటపడితే మా కంపెనీకి గేట్లు పోతాయి, నా ఉద్యోగం పోతుంది. సోఫాలో పడుకుని పైకప్పు చూస్తున్నాను, అక్కా. నాకు భయంగా ఉంది.

ఐలిఫ్

*

బొట్న్,
మార్చి 10

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా హాల్‌వార్డ్ ఇంటికి పోయాను. మనిషి వాఫల్స్ తింటున్నాడు. ‘లే, గేటు దగ్గరకు పద’ అన్నాను.

‘నువ్వు రాకూడదు కదా అక్కడికి.’

‘బండి ఎక్కకూడదన్నారు. నడవొద్దనలేదు.’

వాళ్లావిడ దగ్గర బంగాళదుంపలు కాల్చే అల్యూమినియం కాగితం చుట్ట అడిగి తీసుకున్నాను. ఏ బంగాళదుంపలకని ఆవిడ అడగలేదు, నా మొహం చూసి ఉంటుంది. తూర్పు గేటు దగ్గర పెట్టె మీద ఏంటెన్నా ఉంది కదా, దానికి నాలుగు పొరలు చుట్టాను. గేటు ఎత్తే ఉంది, రోడ్డు ఖాళీ. హాల్‌వార్డ్‌ను బండిలో కూర్చుని తన ఫోను నుంచి ‘మూయి’ నొక్కమన్నాను.

‘పచ్చ టిక్కు వచ్చింది!’ అని కిటికీలోంచి అరిచాడు.

‘బండి దిగి నీ కళ్లతో గేటు చూడు’ అన్నాను.

దిగాడు. వచ్చి కర్ర కింద నిలబడి పైకి చూశాడు. ఆకాశంలోకి నిటారుగా ఉంది. ఫోను చూశాడు, కర్ర చూశాడు, మళ్లీ ఫోను చూశాడు. ‘మరి ఇదేంటి, మూసుకుందంటోంది?’ అన్నాడు చిన్నపిల్లాడిలా. నేను కాగితం పీకేశాను. నలభై దాకా లెక్కపెట్టి ఉంటాను. కర్ర దానంతటదే దిగడం మొదలుపెట్టింది. హాల్‌వార్డ్‌ను పక్కకు లాగకపోతే నెత్తి పగిలేది, టోపీ మటుకు ఎగిరిపోయింది.

అతను మంచులో కూర్చుండిపోయి ఒకటే మాట అన్నాడు. ‘అంటే ఆ పిల్ల గేటు ఎత్తలేదు.’

ఎత్తలేదురా. గేటు తెరిచే ఉంది. ఈ కొండ మీద పుట్టినవాళ్లం మనకు కర్ర పైనుంటే రోడ్డు తెరిచినట్టు, కింద ఉంటే మూసినట్టు. మధ్యలో ఇంకో అర్థం లేదు. దూరంగా నా వరుస వెనక దీపాలు కనిపించి ఉంటాయి, అందుకుందామని వచ్చింది. ఆమె దాటాక గేటు మూసుకుంది. కంచె చేను మేసిందని విన్నాను గాని, మేసి మళ్లీ తలుపేసుకోవడం ఇప్పుడే చూశాను.

ప్రశ్నార్థకం తీసెయ్యమని రాసింది నేనే. ఒప్పుకుంటాను. తిలాపాపం తలా పిడికెడు. కానీ ఇప్పుడు నీ ఉద్యోగం అంటూ కూర్చుంటే నీ చెవి మెలిపెడతాను. ఇంకో మూడు వారాల్లో ఈస్టర్ సెలవులు, దేశమంతా నారింజపళ్లు సంచిలో వేసుకుని కొండలెక్కుతుంది. నలభై మూడు గేట్లూ పచ్చ టిక్కు చూపిస్తూనే ఉంటాయి. ఆ ఏడు నొక్కుళ్ల సంగతి రిపోర్టులో రాయి. ఇవాళే రాయి.

గున్‌వోర్

కవరు అంటించబోతుండగా ఒక సంగతి తట్టింది. ఏం లేదులే.

*

ట్రోన్‌హైమ్,
మార్చి 14

అక్కా,

ఏం తట్టిందో నాకు తెలుసు. ఫిబ్రవరి పన్నెండు నుంచీ తెలుసు. గేటు పెట్టె లోపలి చిట్టాను ఆ రోజే ఇక్కడి నుంచి తెరిచి చూశాను.

మూడూ నలభై ఒకటికి నువ్వు ‘మూయి’ నొక్కావు. మూడూ నలభై నాలుగుకు నీ బండి కదిలింది. గేటు కర్ర నిజంగా దిగింది మూడూ యాభై ఏడుకు.

నువ్వు చెయ్యి దేని మీద వేశావు?

అందుకే మొదటి ఉత్తరంలో నిమిషాలు అడిగాను. నువ్వు చెప్పేస్తావనుకున్నాను. నువ్వేమో కరిగిన మంచు గురించి, పళ్లతో లాగిన గ్లవ్ గురించి, చెయ్యి ఊపిన ముసలాయన గురించి రాశావు. చిన్నప్పుడు నేను అబద్ధమాడితే నువ్వు పట్టుకునేదానివి గుర్తుందా? ‘నిజానికి ఇన్ని బొత్తాలుండవురా’ అనేదానివి.

నా ఉద్యోగం గురించి భయమని రాశాను. అది సగమే. ఆ పేజీ బయటపెడితే నా యాప్ తప్పు ఒక్కటే కాదు, నువ్వు సంతకం చేసిన వాంగ్మూలం అబద్ధమని కూడా తేలుతుంది. ఆ ఊళ్లో నీ మాట మీద జనం పిల్లల్ని బడికి పంపుతారు. పంపాలా వద్దా అని నెలరోజులుగా నలుగుతున్నాను. పంపకపోతే నువ్వూ నేనూ బాగుంటాం, ఓద్నీ దొంగతనంగా గేటు ఎత్తినదిగా మిగిలిపోతుంది. ఇంత చిన్న లెక్కకు నాకు నెల పట్టింది. అందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

రిపోర్టుకు గడువు శుక్రవారం, 20వ తారీఖు. నీ జవాబు అందితేగాని పంపనని రాద్దామనుకున్నాను, రెండు కాగితాలు చింపాను. ఆ మాట ఇవ్వలేనక్కా.

ఐలిఫ్

*

బొట్న్,
మార్చి 18

ఐలిఫ్,

వెయ్యలేదు. వరుస ముందు నుంచి గేటు దాకా వంద గజాలు. ఆ గాలిలో వంద గజాలు పోయి రావాలి. పొద్దున్నుంచి మోకాలు గుప్పెట్లో పట్టి పిండినట్టుంది. మూడో కారులో పసిపిల్ల ఏడుస్తోంది. పచ్చ టిక్కు వచ్చింది. తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను, మోకాలు మడత పడింది, మళ్లీ పైకి లాక్కున్నాను. గేరు వేశాను. అంతే జరిగింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి అని రాయాలనుంది. మొదటిసారి కాదు. ఈ చలికాలంలో నాలుగోసారి.

మోకాలు సంగతి ఎవరికీ చెప్పలేదు. మే నెలలో డాక్టరు పరీక్ష ఉంది. పాసవ్వకపోతే బండి ఇవ్వరు. బండి లేకపోతే నేనెవర్నిరా? సాక్సులు అల్లే ముసలిదాన్ని.

మొదటి రోజు విచారణ వాళ్లు ‘చెయ్యి వేశారా?’ అని అడిగినప్పుడు నోరు దానంతటదే వేశానంది. ఎన్నో వేలసార్లు వేసిన చెయ్యి కదా, అబద్ధమని కూడా తోచలేదు. ఆ సాయంత్రానికి తోచింది. అప్పటికి ఓద్నీ గురించి మాట పుట్టేసింది, నేను దాని వెనక దాక్కున్నాను.

నిన్న బస్సెక్కి ఆస్పత్రికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మంచం మీద కూర్చుని, పట్టీ కట్టిన కాలు చాపి, రెండో కాలితో నేల మీద ఏదో తొక్కుతోంది, ఆగి, మళ్లీ తొక్కుతోంది. లేని పెడళ్లు.

‘ఏ పాటమ్మా?’ అన్నాను.

‘ఈస్టర్‌ది. ఎడమ కాలు తెలుసుకుంటోంది. కుడిదానికి చెప్పాలి’ అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ‘గున్‌వోర్, నాకు గేటు ఎత్తినట్టు గుర్తులేదు. తెరిచి ఉన్నట్టే గుర్తు. కానీ నువ్వు చెయ్యి వేశానన్నావంట కదా. నువ్వు అబద్ధం చెప్పవు. అంటే నేనే ఎత్తి ఉంటాను. చలికి బుర్ర తిరిగి మర్చిపోయి ఉంటాను. 25న అలాగే చెప్పేస్తాను.’

తన జ్ఞాపకాన్ని నా మాట కోసం వదులుకుందిరా ఆ పిల్ల.

అక్కడే చెప్పాల్సింది. నర్సు వచ్చింది, నేను లేచాను, నారింజపళ్లు బల్ల మీద పెట్టి వచ్చేశాను. బస్సులో మోకాలు నొప్పి పుట్టలేదు, సిగ్గుతో మొద్దుబారింది కాబోలు.

నీ రిపోర్టు పంపు. కానీ ఒక్కటి అడుగుతున్నాను, ఇంక జన్మలో ఏమీ అడగను. శుక్రవారం పంపకు. 25 దాకా ఆగు. ముందు నన్ను నా నోటితో చెప్పనివ్వు. నీ కాగితం ముందు చేరితే నేను ఒప్పుకున్నదాన్ని కాదు, దొరికిపోయినదాన్ని అవుతాను. ఓద్నీ ఎదురుగా దొరికిపోయినదానిలా నిలబడలేను.

అక్క

*

ట్రోన్‌హైమ్,
మార్చి 23, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. శనివారం టపా లేదు.

శుక్రవారం నాలుగింటికి పంపేశాను. అన్నీ పంపాను. లోపలి చిట్టా, మూడు సమయాలు, ఏడుసార్లు ఎక్కడ నొక్కాలో, ప్రశ్నార్థకం ఎందుకు తీశానో. నీ సంతకం ఉన్న పరీక్ష కాగితం కూడా. అదే పూట నలభై మూడు గేట్లకూ బూడిద రంగు ప్రశ్నార్థకం తిరిగి పెట్టేశాను, ఎవర్నీ అడగలేదు. ఇవాళ మా బాసు పిలిచి, ఇంటికి వెళ్లి పిలిచేదాకా రావద్దన్నాడు. నువ్వు సాక్సులు అల్లుతున్నావు, నేను గోడకు రంగు వేస్తాను.

ఇప్పుడు సాయంత్రం ఐదయింది. హాల్‌వార్డ్‌కు ఫోన్ చేస్తే పది నిమిషాల్లో నీ తలుపు కొడతాడు. ఫోను మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాను. ‘కాగితం వెళ్లిపోయింది, వాళ్లకు తెలుసు’ అని నీకు తెలిస్తే, బుధవారం నువ్వు ఏం చెప్పినా దొరికిపోయాక చెప్పినదే అవుతుంది. ఎవరికి కాకపోయినా నీకు. నీకు తెలియకపోతే, నువ్వు చెప్పేది నీ అంతట నువ్వు చెప్పినదే. నువ్వు అడిగిన దానిలో ఇంతమాత్రమే నా చేతిలో మిగిలింది.

నువ్వు చెప్పకపోతే? విచారణ నడిపే ఆవిడ ఆ కాగితం తీసి నీ ముందు పెడితే? నా అక్కను నేనే గోతిలోకి నడిపించినవాణ్ణి అవుతాను.

ఫోన్ చెయ్యడం లేదు. ఈ ఉత్తరం రేపు పొద్దున వేస్తాను. బుధవారం లోపు నీకు అందదు.

ఐలిఫ్

*

తూర్పు గేటు, రెయిన్‌షార్,
ఏప్రిల్ 4

ఐలిఫ్,

నీ సోమవారం ఉత్తరం నాకు విచారణ అయిన మూడో రోజున అందింది. చదివి ముందు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లన్నీ నీకు ఎదురుపడ్డాక ఇస్తాను, టపా ఖర్చు దండగ.

బడి వ్యాయామశాలలో కుర్చీలు వేశారు. సగం ఊరు వచ్చింది. ఓద్నీని చక్రాల కుర్చీలో తెచ్చారు, వాళ్లమ్మ తోస్తోంది. పెద్ద బల్ల వెనక ఒక తెల్లజుట్టు ఆవిడ, ముందు ఒకే ఒక్క కాగితం, బోర్లించి ఉంది. నాకేం తెలుసు అదేమిటో.

ముందు ఓద్నీని పిలిచింది. ఆ పిల్ల గొంతు సవరించుకుని ‘గేటు బహుశా నేనే...’ అంది.

నేను లేచాను. నన్ను పిలవలేదు. ‘ఆ పిల్లను ఆపండి. తను ఎత్తలేదు. నేను చెయ్యి వెయ్యలేదు’ అన్నాను. అంతకన్నా మంచి మాటలు ఇంటి దగ్గర సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ రాలేదు. మోకాలు గురించి చెప్పాను. నాలుగుసార్లని చెప్పాను. ప్రశ్నార్థకం తీసెయ్యమన్నది నేనేనని చెప్పాను. ‘ఆ అంకె మీద ఏడుసార్లు నొక్కండి, అంతా అందులో ఉంటుంది’ అన్నాను. హాల్‌వార్డ్ వెనక నుంచి ‘టోపీ కూడా పోయింది!’ అని అరిచాడు, ఎవరికీ అర్థం కాలేదు.

ఆవిడ అంతా రాసుకుంది. అప్పుడు ఆ కాగితం తిప్పింది. నీ మూడు సమయాలూ ఉన్నాయి.

‘ఇది నా దగ్గర శుక్రవారం నుంచి ఉంది’ అంది. ‘అడిగేముందు మీరేమంటారో వినాలనుకున్నాను.’

ఓద్నీ ఇంకో మూడు మాటలు మాట్లాడేదాకా నేను కూర్చుని ఉంటే? ఆ మూడు మాటలే నాకు దక్కిన చోటు. నువ్వు ఫోన్ చేసి ఉంటే అది కూడా దక్కేది కాదు. అందుకు తిట్లలో సగం తగ్గించాను.

బయటికి వస్తుంటే ఓద్నీ వాళ్లమ్మ నా పక్క నుంచే వెళ్లింది, పలకరించలేదు. కొట్టులో నన్ను క్షమించమని అడిగిన మనిషి. అది న్యాయమే. మార్గిట్ కూడా రెండు రోజులు నాకు రొట్టె ఇచ్చేటప్పుడు వేరే దిక్కు చూసింది. ఓద్నీ మీద కేసు కొట్టేశారు. నా బండి లైసెన్సు పోయింది, మే దాకా ఆగక్కర్లేకుండానే. అబద్ధపు వాంగ్మూలం సంగతి వేరేగా తేలుస్తారట. నీ కంపెనీని ప్రశ్నార్థకం తియ్యకూడదని ఆదేశించారు కాబట్టి నిన్ను పిలవక తప్పదు, రంగు డబ్బా మూత పెట్టెయ్యి.

ఇక ఇక్కడేం చేస్తున్నానంటావా? ఈస్టర్ రద్దీకి ప్రతి గేటు దగ్గరా ఒక మనిషి ఉండాలన్నారు. మంచులో, చక్రాల గది లాంటి కారవాన్‌లో, పది రోజులు. ఎవరూ ముందుకు రాలేదు. నేను వస్తానంటే రోడ్డు కాంట్రాక్టు ఆయన గడ్డం గోక్కున్నాడు. ‘నిన్నా? ఇక్కడా?’ అన్నాడు. ‘నాకన్నా ఈ గేటు అంటే భయపడేది ఎవరున్నారు?’ అన్నాను. తాళం చేతిలో పెట్టాడు.

పొద్దున్నుంచి గాలి. హాల్‌వార్డ్ కాన్వాయ్‌లు నడుపుతున్నాడు. నీ బూడిద రంగు సంత ఇవాళ పద్నాలుగుసార్లు వచ్చింది. పద్నాలుగుసార్లూ కారవాన్ దిగి వెళ్లాను. మోకాలు ఏడ్చింది, ఏడవనీ.

మధ్యాహ్నం కాన్వాయ్‌లో చివరి కారు ఓద్నీ వాళ్లమ్మది. ఆవిడ నన్ను చూడనట్టు ముందుకే చూస్తోంది. పక్క సీటులో ఓద్నీ, ఒళ్లో పాటల పుస్తకం. రేపు పండగ ప్రార్థనకు వాయిస్తుందట, ఎడమ కాలితోనే. కారు లోపలికి వచ్చాక హాల్‌వార్డ్ గేటు దించాడు. ఓద్నీ కిటికీ దించి తల బయటపెట్టి వెనక్కి చూసింది. నవ్వలేదు. ఎదురుచూస్తోంది.

గ్లవ్ తీసి కర్ర మీద చెయ్యి వేశాను. చలికి అరచెయ్యి అతుక్కుంది. ‘కింద ఉంది!’ అని అరిచాను.

అప్పుడు కిటికీ ఎత్తుకుంది.

అక్క